కొరాంతాన్ బార

1684 ఏప్రిల్ 11వ తేదీ, ఉదయం 6 గంటల 20 నిమిషాలకు మా ఓడ ‘పాస్యాంత్’ ఆవుల దీవి పడమటి వాకిట నీళ్ల కింద దాగిన పగడపు పార మీదికెక్కి ఆగిపోయింది. నా గడియారం రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోతుంది. ఆ తేడా తీసివేసిన తరువాతి సమయమిది. గాలి ఆగ్నేయం నుంచి మెల్లగా వీస్తోంది. సూర్యుడు ఎదురుగా, చాలా కిందుగా ఉండటం వల్ల నీటి కింద ఏ రంగు ఉన్నదో పైనుంచి చూసేవాడికి తెలియదు. అటువంటి వేళ ఓడకు కళ్లు ఉండవు, చెయ్యి మాత్రమే ఉంటుంది. మా ఓడకు ఆ చెయ్యి కొరాంతాన్‌ది.

అతడు ఓడ ముందుభాగాన కుడివైపు పలక మీద నిలబడి, అడుగు మన్ను అంటుకోవడానికి కొవ్వు పూసిన ఏడు పౌన్ల సీసపు గుండును ముందుకు విసిరి, తాడు నిలువుగా నిలిచిన క్షణాన నీటిమట్టం దగ్గర ఏ గుర్తు ఉన్నదో చూసి లోతు ఎంతో కేకవేసి పిలుస్తున్నాడు. మూడు బారలన్నాడు. మళ్లీ మూడన్నాడు. చివరిగా, “రెండు బారలు, తెల్ల ఇసుక” అన్నాడు. మాలో బార అంటే అయిదడుగులు. పాస్యాంత్ తేలడానికి తొమ్మిదడుగుల నీరు చాలు. ఆ లెక్కన అడుగు దూలం కింద ఇంకొక అడుగు నీరు ఉండాలి. చుక్కాని పట్టిన గతియాన్ అది నమ్మి ఓడను పోనిచ్చాడు.

దెబ్బ పెద్దది కాదు. నిలబడినవాళ్లు నిలబడే ఉన్నారు. తరువాతి అల ఓడను ఎత్తి అదే చోట దించింది. దాని తరువాతిది కూడా అదే పని చేసింది. ఏడు గంటలకు ఓడ కడుపులో నాలుగడుగుల నీరు చేరింది. అప్పటికి పదకొండు వారాలుగా, కారే ఆ ఓడలోంచి పగలూ రాత్రీ నీరు తోడుతూనే ఉన్నాము. ఇక తోడనక్కరలేదని కెప్టెన్ రుస్సెల్ చెప్పినప్పుడు, నలుగురైదుగురు తోడే పిడి పక్కనే కూలబడి నిద్రపోయారు. వాళ్లను లేపి పడవల్లోకి దింపవలసి వచ్చింది.

ఆ పదకొండు వారాల్లో మాకు చిక్కిన స్పెయిన్‌వాళ్ల ఓడ ఒక్కటే. దాని నిండా ఉల్లిపాయలు. ఉల్లిపాయల కోసం కత్తులు దూసిన దొంగలుగా మేము ఆ తీరంలో కొన్నాళ్లు పేరు మోశాము.

కొరాంతాన్ బ్రెతాఞ్ తీరాన సార్డీన్ చేపలు పట్టే ఊళ్లో పుట్టాడు. పంతొమ్మిదో ఏట ముప్పై ఆరు నెలల కూలి పత్రం మీద గుర్తు పెట్టి, మహాసముద్రం దాటి సాన్ దొమాంగ్ తీరానికి వచ్చాడు. పొగాకు తోట యజమాని అతనితో పద్నాలుగు నెలలు పని చేయించుకుని, మిగిలిన ఇరవై రెండు నెలలను అడవిపందుల వేటగాడికి అమ్మేశాడు. ఆ వేటగాడి దగ్గర, పచ్చి చర్మాలు మోసే బరువు కింద, తనలాగే అమ్ముడుపోయిన ఇంకొక కూలిమనిషి కలిశాడు. అతని పేరు నికేజ్. దియెప్ రేవువాడు, ఆరడుగుల మనిషి, నోరు ఊరుకునేది కాదు. పత్రం గడువు తీరిన రోజున ఇద్దరూ కలిసి మా తీరంలో వాడుకలో ఉన్న జోడు ఒప్పందం రాసుకున్నారు. ఒకరి తుపాకీ ఇద్దరిదీ, ఒకరి రొట్టె ఇద్దరిదీ. జబ్బు పడితే ఒకరికొకరు చాకిరీ చెయ్యాలి. ఒకరు పోతే ఉన్నదంతా రెండోవారిది. ఇంట్లో ఆలుమగలకు కూడా అంత ఖచ్చితమైన పత్రం ఉండదు. అది ముప్పై ఏళ్లు చెల్లింది.

ఆ ముప్పై ఏళ్లలో ఇరవై రెండు దాడుల్లో కొరాంతాన్ ఉన్నట్టు నేను రాసుకున్నాను. ఎవరినైనా చంపావా అని ఒకసారి అడిగితే, “పొగలో ఎవరి గుండు ఎవరికి తగిలిందో చూడ్డానికి ఆగినవాణ్ణి కాదు” అన్నాడు. గొప్ప చెప్పుకున్నది లేదు, పశ్చాత్తాపపడినదీ లేదు. అతనికి ఒక్క విషయంలోనే గర్వం ఉండేది. రెండు చేతులూ చాపితే అతని బార సరిగ్గా అయిదడుగులు. 1676లో నేను ఇత్తడి అడుగుబద్దతో కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. మా తీరంలోని పెతీ-గ్వావ్ రేవులో తాళ్ల దగ్గర, బట్టల దగ్గర తగువు వస్తే, “కొరాంతాన్ బార వేయించు” అనేవారు. అతడు వచ్చి, మాట్లాడకుండా చేతులు చాపి, కొలిచి వెళ్లిపోయేవాడు. ఆ కొలత మీద మళ్లీ తగువు వచ్చినట్టు నేను వినలేదు.

ఓడల మీద లోతుతాళ్లకు గుర్తులు కట్టేది కూడా ఈ జంటే. కొరాంతాన్ బార చాపేవాడు, నికేజ్ గుర్తు ముడి వేసేవాడు. రెండు బారల దగ్గర రెండు చీలికల తోలు, మూడు దగ్గర మూడు చీలికలది, అయిదు దగ్గర తెల్ల గుడ్డ, ఏడు దగ్గర ఎర్రది, మిగిలిన బారల దగ్గర ఉత్త ముడి. చీకట్లో గుడ్డనూ తోలునూ పెదవులతో తడిమి చెప్పగలిగేవారు.

1682 నవంబరులో ఒక దాడిలో ఫిరంగిని కట్టిన మోకు తెగి కొరాంతాన్ ఎడమ మోచేతిని విరగ్గొట్టింది. కట్టు కట్టింది ఓడ వైద్యుణ్ణైన నేను. నలభై ఒకటో రోజున విప్పినప్పుడు ఆ చెయ్యి లంబకోణం దాటి ఇరవై డిగ్రీలు తెరుచుకుని అక్కడ ఆగింది. అంతకు మించి రాలేదు.

“పనికొస్తుందా?” అని అడిగాడు.

“గుండు విసిరేది కుడిచేత్తోనే కదా. పనికొస్తుంది” అన్నాను.

అది నిజమే, చాలినంత నిజం కాదు. చెయ్యి పోయినవాడికి మా ఒప్పందంలో పరిహారం ఉన్నది. అడిగితే ఒడ్డున కూర్చోమంటారని అతడు అడగలేదు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో జ్వరం వచ్చి తొమ్మిదో రోజున నికేజ్ పోయాడు. పత్రం ప్రకారం అతని తుపాకీ, పెట్టె, ముడులు వేసే దబ్బనం కొరాంతాన్‌కు వచ్చాయి.

పాస్యాంత్ పార ఎక్కడానికి ఆరు వారాల ముందు మా పాత లోతుతాడు పగడాల్లో చిక్కుకుని తెగిపోయింది. కొరాంతాన్ కొత్త జనపనార తాడు తీసుకున్నాడు. తడిస్తే తాడు కురచవుతుంది కనుక దానిని రెండు రోజులు సముద్రపు నీటిలో నానబెట్టాడు. కొయ్యకు వేలాడదీసి బరువు కట్టి సాగదీశాడు. తడి ఆరకముందే గుర్తులు కట్టాడు. ఏ నావికుడూ ఇంతకంటె జాగ్రత్తగా చెయ్యడు. బార చాపింది అతడే, ముడి వేసిందీ అతడే.

పార ఎక్కిన రోజు మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు దీవి ఒడ్డున, మేము ఒడ్డుకు చేర్చుకున్న పీపాల మధ్య, నలభై ఇద్దరమూ కూర్చున్నాము. మా ఒప్పందంలో ఏడవ షరతు ఇది: నిద్రలోనో, మత్తులోనో, భయంతోనో తప్పు లోతు పిలిచి ఓడను పోగొట్టినవాణ్ణి సముద్రం మధ్య ఇసుక తిన్నె మీద ఒంటరిగా విడిచిపెట్టాలి, ఒక తుపాకీ, ఒక గుప్పెడు తుపాకిమందు, ఒక సీసా మంచినీళ్లు ఇవ్వాలి. ఆ విధంగా విడిచిన ముగ్గురిని నేను ఎరుగుదును. వారిలో ఒకరి తుపాకీ తరువాత దొరికింది.

విచారణ నడిపేది కెప్టెన్ కాదు, మేము ఎన్నుకున్న సరంగు. అతని పేరు పాంక్రాస్. మొదట గతియాన్ లేచాడు.

“నేను చెప్పేదొక్కటే. ఆయన రెండన్నాడు, నేను పోనిచ్చాను. ఒకటిన్నర అనుంటే ఆపుదునా, మానుదునా? ఇప్పుడు ఓడెక్కడుంది? అదిగో, పీతలు గృహప్రవేశం చేసుకుంటన్నాయి.”

పాంక్రాస్ కొరాంతాన్ వైపు తిరిగాడు. “అన్నా, అడక్క తప్పదు. తెల్లారకముందు ఏవన్నా పుచ్చుకున్నావా?”

“పుచ్చుకోడానికి పీపాలో ఏవుందిరా? ఎండిపోయి నెలయింది. ఆఖరి చుక్క నువ్వే కదా నాకింది.”

“అదొదిలేయ్. నిద్రపోయావా?”

“నిలబడి, చేతిలో ఏడు పౌన్లు ఊపుకుంటా నిద్రపోయేవాడెవడన్నా ఉంటే చూపించు. నేర్చుకుంటాను. పదకొండు వారాల బట్టీ నాకు నిద్దర్లేదు.”

“పోనీ, భయపడ్డావా?”

“ఏభై నాలుగొచ్చాయి, తమ్ముడూ. భయపడ్డానిక్కూడా ఓపికుండాలి.”

ఎవరో నవ్వబోయి మానేశారు. కెప్టెన్ రుస్సెల్ ముందుకు వచ్చాడు. “తాడు తీసుకురండి. వైద్యుడు గారూ, మీ ఇత్తడి బద్ద తేగలరా?” అన్నాడు.

తాడు ఇంకా తడిగానే ఉన్నది. అందరి ఎదుటా ఇసుక మీద పరిచి, మొదటి బార కొలిచాను. నాలుగడుగుల అయిదంగుళాలు. రెండవది నాలుగడుగుల అయిదంగుళాలు. మూడవదీ అంతే. ఏడు బారలూ కొలిచాను. ఏ రెండింటి మధ్యా పావు అంగుళం తేడా లేదు. అజాగ్రత్తగా కట్టిన గుర్తులు ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా తప్పుతాయి. ఇవి అన్నీ ఒకే విధంగా తప్పాయి. రెండు బారలంటే ఈ తాడు మీద ఎనిమిదడుగుల పది అంగుళాలు. రెండంగుళాల కొరతతో మేము ఓడను పోగొట్టుకున్నాము.

“చూశారా?” గతియాన్ గొంతు పెరిగింది. “మనిషి కాదు, తాడే అబద్ధం. నిద్ర మత్తులో చేసే పనా ఇది? కూచుని, తీరుబడిగా, ఏడు ముళ్లూ కురచగా కట్టాడు.”

“నేనెందుకు కడతాన్రా కురచగా? ఆ ఓడ మీద నేను లేనూ?”

“అది నువ్వే చెప్పాలి.”

కొరాంతాన్ నా వైపు చూశాడు. “మీ ఇత్తడి ముక్కలో తప్పుంది, వైద్యుడు గారూ. ఆ తాడు నా చేత్తో కొలిచింది. నా బారెంతో పెతీ-గ్వావ్‌లో కుక్కనడిగినా చెప్తది.”

అతని ముఖంలో భయం లేదు. నాకు భయమనిపించింది అందువల్లనే. తన కొలత తప్పు కావచ్చునన్న ఊహ ఇంకా అతనిని తాకలేదు. అది తాకనంతవరకు అతని నోట వచ్చే ప్రతి మాటా గతియాన్‌కే పనికివస్తుంది. మాలో సగంమంది అప్పటికే తిన్నె ఉన్న దిక్కుకు చూస్తున్నారు. ఏమి జరిగినదో ఆ ఒడ్డున తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పగలిగేవాణ్ణే, కానీ చెబితే నమ్మరు, చూడాలి.

“లేచి నిలబడు. తాడు మీద పక్కపక్కనున్న రెండు గుర్తులు పట్టుకుని ఒకసారి బార చాపు” అన్నాను.

“ఎందుకు?”

“నా బద్ద తప్పో కాదో తేలుతుంది.”

అతడు విసుగ్గా లేచాడు. ఒక గుర్తును కుడిచేతిలో, దాని తరువాతి గుర్తును ఎడమచేతిలో పట్టుకుని, వేల సార్లు చేసిన విధంగానే ఛాతీ విరిచి చాపాడు. తాడు రెండు చేతుల మధ్య బిగిసి నిలిచింది. కొంచెమైనా వదులు లేదు, కొంచెమైనా చాలకపోలేదు. కుడిచెయ్యి నిటారుగా ఉన్నది. ఎడమది కూజా పిడిలాగా వంగి ఉన్నది. రెండు చేతులూ సమంగానే చాపానని అతడు నమ్ముతున్నట్టు ముఖమే చెబుతోంది.

అందరూ అతని చేతుల వైపే చూస్తున్నారు. ఎందుకో తెలుసుకోవడానికి అతడు మొదట కుడివైపు చూశాడు. తరువాత ఎడమవైపు చూశాడు. అక్కడ కొంతసేపు చూపు ఆపాడు. చెయ్యి ఇంకొంచెం చాపబోయాడు. భుజం కదిలింది, మోచెయ్యి కదలలేదు.

“ఆ మోచెయ్యి కట్టింది నేను. కట్టు విప్పిన రోజునే బార కొలవవలసింది, కొలవలేదు” అని అందరికీ చెప్పాను.

కొరాంతాన్ తాడును దించి, అలవాటు కొద్దీ చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. “నికేజ్ ఉంటే చెప్పేవోడు. ముడేసేవోడికి తెలిసిపోద్ది కదా. ‘చెయ్యి చాపరా ముసలోడా, కోడిరెక్కలాగ ముడుచుకున్నావేంటి’ అనేవోడు.” చుట్ట పూర్తి చేసి నా ముందు పెట్టాడు. “మీ బద్దలో తప్పు లేదండి.”

గతియాన్ వెంటనే వదలలేదు. వదలకపోవడంలో అతనికీ ఒక న్యాయం ఉన్నది. చుక్కాని పట్టింది అతడు, పోయిన ఓడ జీవితాంతం అతని పేరు మీద కూడా ఉంటుంది. “పాపం అనుకుంటే నేనూ పాపమే. ఓడ మునిగిందా లేదా? షరతు షరతే” అన్నాడు.

“షరతులో మూడే ఉన్నాయి. నిద్ర, మత్తు, భయం. వంకర మోచెయ్యని రాసుకోలేదు మనం” అన్నాడు పాంక్రాస్.

“రాసుకోకపోతే నీళ్లు ఊరుకున్నాయా?”

“అందుకే చేతులెత్తమంటున్నా. తిన్నె మీద దించాలనేవాళ్లు ఎత్తండి.”

చేతులు ఒక్కొక్కటిగా లేచాయి. నేను లెక్కపెట్టాను: పదమూడు. కొందరు పక్కవాడి వైపు చూస్తూ ఆలోచిస్తున్నారు. అప్పుడు పీపా మీద కూర్చున్న కొరాంతాన్ కూడా చెయ్యి ఎత్తాడు. మా రివాజులో నిందితుడికి కూడా ఓటు ఉంటుంది; దానిని తన మీద వేసుకున్నవాణ్ణి అంతవరకు చూడలేదు. కుడిచెయ్యి పీపా అంచును పట్టుకుని ఉన్నదేమో, ఎత్తింది ఎడమచెయ్యి. అది చెవి దాకా వచ్చి ఆగింది.

పాంక్రాస్ కాసేపు దానినే చూశాడు. “అన్నా, దించెయ్. సగవే లేచింది. సగం ఓటు లెక్కలోకి రాదు.”

ముందు ఒక్కడు నవ్వాడు, తరువాత అందరూ నవ్వారు. ఉల్లిపాయల ఓడ తరువాత మేము నవ్వడం అదే మొదలు. అది సంతోషం కాదు. పదకొండు వారాల అలసట ఒక్కసారి పట్టు వదిలితే అట్లాగే ఉంటుంది. గతియాన్ చెయ్యి దించలేదు గాని, అతడూ తల వంచుకుని నవ్వాడు. ఎత్తకుండా మిగిలినవారు ఇరవై ఎనిమిది మంది. పాంక్రాస్ లెక్క రెండోసారి అడగలేదు.

నీ మీద నువ్వెందుకు ఓటు వేసుకున్నావని ఆ సాయంకాలం అడిగాను. “ఓడ పోయింది కదండీ” అన్నాడు. కొంతసేపటికి, “తిన్నె మీదైతే పడుకోవచ్చు కూడా” అన్నాడు.

తొమ్మిది రోజుల తరువాత తాబేళ్లు పట్టేవారి పడవలు మమ్మల్ని పెతీ-గ్వావ్ చేర్చాయి. కొరాంతాన్ తన గుండునూ తాడునూ తీసుకుపోయి గతియాన్‌కు ఇచ్చాడు.

“ఈ ముళ్లన్నీ ఇప్పేసి మళ్లీ కట్టు. ఏ ఓడెక్కినా ముందు పైచెక్క మీద రెండు మేకులు కొట్టు, అయిదడుగులు సరిచూసుకుని. ఆ మేకుల మధ్య కొలువు. మనిషినడక్కు.”

“నిన్ను కూడానా?” అన్నాడు గతియాన్.

“నన్నసలే అడక్కు.”

గతియాన్ ఆ రెండు మేకులు కొట్టాడు. అతని దగ్గర పని నేర్చినవారూ కొట్టారు.

కొరాంతాన్ మళ్లీ ఓడ ఎక్కలేదు. రేవు వెనక గుట్ట మీద కొద్దిపాటి నేల తీసుకుని కర్రపెండలం వేశాడు. అతనిని ఎవరూ తరమలేదు. బట్ట కొలవడానికి పిలవడం మాత్రం మానేశారు. అతడూ దుకాణాల వైపు పోవడం మానేశాడు. ఆదివారాలు నేను గుట్ట ఎక్కి వెళితే, పొగబెట్టిన పందిమాంసం మీద నిమ్మరసం పిండి, మిరపకాయలు చిదిమి, కర్రపెండలం రొట్టెతో పెట్టేవాడు. నికేజ్ కోసం రెండో గిన్నె ఉండేది. నేను దానిలో తినేవాణ్ణి. ఓడల సంగతి నేనే ఎత్తితే వినేవాడు. తానుగా ఎత్తేవాడు కాదు.

సాళ్లు వేసేటప్పుడు ఒకసారి చూశాను. తాడు లేదు, బద్ద లేదు. గట్టు దగ్గర మొదలుపెట్టి, నేల మీద బోర్లా వంగి, చేతులు చాపి, చాపిన చోట పుల్ల గుచ్చి, అక్కడి నుంచి మళ్లీ చాపుతున్నాడు.

“నా ఇంట్లో ఇంకొక అడుగుబద్ద ఉన్నది, తెచ్చి ఇస్తాను” అన్నాను.

“దుంపలకి బద్దెందుకండీ? అవేం మునిగిపోవు.”

1691 ఫిబ్రవరి 3న ఒళ్లంతా నీరు పట్టి చనిపోయాడు. జోడు ఒప్పందం ప్రకారం అతని వస్తువులు తీసుకోవలసినవాడు అంతకుముందే పోయాడు. తుపాకీ, దబ్బనం పెట్టెలోనే ఉండిపోయాయి. నేల పక్క రైతుకు పోతుందని, వారం తిరగకుండా ఆ రైతు దుంపలు తవ్వి కొత్త సాళ్లు దున్నుతాడని తెలిసింది. పూడ్చిన మరునాడు ఉదయం బద్ద తీసుకుని గుట్ట ఎక్కాను. కొరాంతాన్ చివరిసారి చేతులు చాపి నాటిన సాళ్లలో పదకొండు చోట్ల, మొక్క మొదలు నుంచి మొక్క మొదలుకు, దూరం కొలిచి సగటు తీశాను.

నాలుగడుగుల మూడంగుళాలు.